గచ్చు కింది గాలి: సిలికాన్ వ్యాలీలో ఒక పరీక్ష పుట్టి పెరిగిన తీరు

పాత ఫ్యాక్టరీ స్థలంలో కట్టిన ఆఫీసు భవనం అడుగున, కాంక్రీటు గచ్చుకీ మట్టికీ మధ్య చిక్కుకున్న గాలిలో ఏ రసాయనాల ఆవిరి ఉందో, అది గచ్చు దాటి పైకి వస్తోందో లేదో చూడటానికి అమెరికాలో ఇప్పుడు నిర్ణీతమైన పద్ధతులు, పరికరాలు, హద్దులు ఉన్నాయి. నలభై ఏళ్ల కిందట ఇవేవీ లేవు. భూగర్భ జలం పాడైందన్న సంగతి అప్పటికే ప్రభుత్వాలకు తెలుసు. ఆ నీటిని జనం తాగకుండా చూస్తే చాలనుకున్నాయి. ఆ నీటికి పైన కట్టిన భవనాల్లో జనం పీలుస్తున్న గాలి సంగతి లెక్కలోకి రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

నేల లోపలి గాలిని అనుమానించడం మాత్రం ఎప్పటి నుంచో ఉంది. తెలుగు పల్లెల్లో చాలాకాలం వాడకుండా వదిలేసిన నూతిలోకి మనిషి దిగే ముందు వెలుగుతున్న లాంతరును తాడు కట్టి దించి చూసేవారు. దీపం ఆరిపోతే ఇక దిగేవారు కాదు. బొగ్గు గనుల కోసం 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ తయారుచేసిన దీపంలో, మీథేన్ ఉన్నచోట మంట రంగూ ఎత్తూ మారేవి. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ సలహాతో కేనరీ పిట్టలు కూడా గనుల్లోకి వెళ్లాయి. ఇవన్నీ నిమిషాల్లో ప్రాణం తీసే వాయువుల కోసం. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరే ఆవిరి దీపానికీ చిక్కదు, పిట్టకీ చిక్కదు.

నేల లోపలి గాలిని పైకి లాగి పరీక్షించడం చమురు వేటలో మొదలైంది. 1929లో జర్మనీలో లాబ్‌మేయర్, 1930లలో సోవియట్ యూనియన్‌లో సొకొలోవ్ మట్టిలో చిన్న బోర్లు వేసి, లోపలి గాలిలో హైడ్రోకార్బన్ వాయువుల జాడలు వెతికారు. అడుగున చమురు ఉంటే దాని వాసన ఎంతో కొంత పైకి రాక తప్పదన్నది వాళ్ల నమ్మకం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కూడా ఇదే సూత్రం మీద కృష్ణా–గోదావరి బేసిన్ వంటి చోట్ల మట్టి నమూనాల్లో పట్టుబడిన వాయువులను పరీక్షించింది. చమురు వెతికేవాళ్లకు ఆవిరి కనబడితే పండగ. అవే పనిముట్లు చేతికి తీసుకున్న తరవాతి తరం, కనబడకపోతే బాగుండునని కోరుకుంటూ వెతికింది.

ఆ వేటకు పదునైన ముక్కు కావలసి వచ్చింది. 1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ కలిసి గ్యాస్ క్రొమటోగ్రఫీని రూపొందించారు. కలగాపులగంగా ఉన్న ఆవిరిని సన్నని గొట్టం గుండా పంపితే అందులోని పదార్థాలు విడివిడిగా, ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. 1957లో జేమ్స్ లవ్‌లాక్ దానికి ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టర్ జోడించాడు. క్లోరిన్ ఉన్న అణువులంటే ఈ పరికరానికి ప్రాణం. గాలిలో వందల కోట్ల వంతుల్లో ఒక వంతు ఉన్నా పట్టేస్తుంది. 1980లలో అరిజోనాలోని టక్సన్ పరిశోధకులు వ్యాన్లలో ఇలాంటి పరికరాలు పెట్టుకుని తిరుగుతూ, ఖరీదైన బావులు తవ్వకుండా మట్టిలోని గాలిని బట్టే కలుషిత జలం ఎంతవరకు పాకిందో గుర్తించసాగారు. ఆవిరి అప్పటికి నీటి ఆచూకీ చెప్పే సాక్షి మాత్రమే. అదే ముద్దాయి కావచ్చన్న ఆలోచన ఇంకా రాలేదు.

వాళ్లు వెతికిన పదార్థాల్లో ముఖ్యమైనది ట్రైక్లోరోఇథిలీన్, వాడుకలో టీసీఈ. నీళ్లలా తేటగా, కాస్త తియ్యటి వాసనతో ఉండే ద్రవం. జిడ్డును ఇట్టే కరిగించి, మరక మిగల్చకుండా ఆరిపోతుంది. పెట్రోలులా భగ్గుమనదు. ఇన్ని సుగుణాలుంటే ఫ్యాక్టరీలు వదులుతాయా! 1920ల నుంచి లోహపు భాగాల జిడ్డు వదలగొట్టడానికి, 1930ల నుంచి డ్రై క్లీనింగ్‌కి వాడారు. ఆస్పత్రుల్లో మత్తుమందుగానూ, కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీయడానికీ పనికొచ్చింది. ఈ చివరి రెండు వాడకాలనూ అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1977లో నిషేధించింది. టీసీఈ నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. నేల మీద ఒలికితే ఇంకి, భూగర్భ జలం చేరాక కూడా అక్కడ తేలకుండా ఇంకా కిందికి దిగి, బంకమట్టి పొరల మీద మడుగు కడుతుంది. అక్కడి నుంచి దశాబ్దాల పాటు కొంచెం కొంచెంగా నీటిలో కరుగుతూ, ఆ నీటి నుంచి ఆవిరై పైకి లేస్తుంది.

కాలిఫోర్నియాలో ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటున్న శాంటా క్లారా లోయ ఒకప్పుడు ఆల్‌బుఖారా, ఆప్రికాట్ తోటల సీమ. 1956లో విలియం షాక్లీ మౌంటెన్ వ్యూలో సెమీకండక్టర్ల ప్రయోగశాల పెట్టాడు. మరుసటి ఏడాది అతని దగ్గర నుంచి ఎనిమిదిమంది విడిపోయి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ స్థాపించారు. 1968లో ఫెయిర్‌చైల్డ్ నుంచి బయటికొచ్చినవాళ్లు ఇంటెల్‌ను మౌంటెన్ వ్యూలోనే ఈస్ట్ మిడిల్‌ఫీల్డ్ రోడ్డులో మొదలుపెట్టారు. అదే రోడ్డు మీద వ్యాగన్ వీల్ అనే బారులో చిప్పుల ఇంజినీర్లు సాయంత్రాలు చేరి, కంపెనీల గుట్టుమట్లు మాట్లాడుకునేవారని ప్రతీతి. చిప్పు తయారీలో సిలికాన్ పలకను దశదశకూ కడగాలి. దుమ్ము కణం పనికిరాదు. అందుకే లోపల పనిచేసేవాళ్లు తెల్ల తొడుగులు వేసుకునేవారు, బయటివాళ్లు దాన్ని పొగగొట్టాలు లేని శుభ్రమైన పరిశ్రమ అని మెచ్చుకునేవారు. కడిగిన సాల్వెంటు, అంటే జిడ్డు కరిగించే ద్రవం, మాత్రం పైపుల్లోంచి పెరట్లో పాతిన ట్యాంకుల్లోకి పోయేది. వాటిని భూమిలో పాతమన్నది అగ్నిమాపక నిబంధనలే. మండే ద్రవాలు నేల మీద ఉంటే ప్రమాదమని అగ్నిమాపక శాఖ భయం. కారుతున్న ట్యాంకును కనిపెట్టే ఏర్పాటు గురించి అప్పుడెవరూ పట్టించుకోలేదు.

1981 చివరలో దక్షిణ శాన్ హోసేలోని ఫెయిర్‌చైల్డ్ కర్మాగారంలో పాతిన ట్యాంకు కారినట్టు తేలింది. సుమారు 60 వేల గాలన్లు, అంటే రెండు లక్షల లీటర్లకు పైగా, సాల్వెంట్లు నేలలో ఇంకిపోయాయి. వాటిలో ముఖ్యమైన ట్రైక్లోరోఈథేన్ దగ్గరలోని తాగునీటి బావిలో కనిపించింది. బావి మూసేశారు. 1982 జనవరిలో పత్రికల్లో వార్త రాగానే ఆ పేటలో గర్భస్రావాలు, పుట్టుకతోనే లోపాలున్న బిడ్డలు ఎక్కువగా ఉన్నారని స్థానికులు లెక్కలు చెప్పసాగారు. రాష్ట్ర ఆరోగ్య శాఖ 1985లో అధ్యయనం చేసి, సంఖ్య ఎక్కువగా ఉన్న మాట నిజమేనంది. దానికి ఆ బావి నీళ్లే కారణమని మాత్రం తేల్చలేకపోయింది. ఈలోగా లోయలోని కంపెనీలన్నీ తమ ట్యాంకుల చుట్టూ తవ్వి చూసుకున్నాయి. చాలాచోట్ల అదే కథ. చివరికి శాంటా క్లారా కౌంటీలో 23 స్థలాలు సూపర్‌ఫండ్ జాబితాకెక్కాయి. అమెరికాలో మరే కౌంటీలోనూ అన్ని లేవు. న్యూయార్క్ రాష్ట్రంలో లవ్ కెనాల్ అనే పేట అడుగున పాతిన రసాయన వ్యర్థాల ఉదంతం బయటపడిన రెండేళ్లకు, 1980 డిసెంబరులో వచ్చిన చట్టమే ఈ సూపర్‌ఫండ్. నేలను పాడుచేసినవాళ్ల చేతే ఖర్చు పెట్టించి శుద్ధి చేయించడం దాని పని.

మౌంటెన్ వ్యూలో మిడిల్‌ఫీల్డ్, ఎల్లిస్, విస్మన్ అనే మూడు రోడ్ల మధ్య ఫెయిర్‌చైల్డ్, ఇంటెల్, రేథియాన్ తదితర కంపెనీల ట్యాంకులు కారి, అడుగున ఒకే పెద్ద టీసీఈ ప్రవాహమైంది. ఎవరి టీసీఈ ఎవరిదో విడదీయడం అసాధ్యం. మూడు రోడ్ల పేర్ల మొదటి అక్షరాలతో ఆ ప్రాంతానికి ఎమ్ఈడబ్ల్యూ అని పేరు పడింది. తోటల కాలంలో రైతులు తవ్వుకున్న పాత బావులు పై పొరలోని మురికిని లోతు పొరలకు దించే గొట్టాలుగా మారాయి కనుక వాటిని వెతికి మరీ పూడ్చారు. 1989లో పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, శుద్ధి ప్రణాళికను ఖరారు చేసింది. భూమిలో బంకమట్టి గోడలు కట్టడం, నీటిని పంపులతో పైకి తోడి శుద్ధి చేయడం, మట్టిలోని ఆవిరిని పంపులతో లాగేయడం అందులో ముఖ్యమైనవి. మంచి ప్రణాళికే. కానీ పైనున్న భవనాల్లో పనిచేసేవాళ్ల ఊపిరి దాని ధ్యేయం కాదు. కింది నీరు తాగదగ్గదిగా మారడమే ధ్యేయం.

ఇలా ఎందుకు జరిగిందో ఒక చిన్న లెక్క చెబుతుంది. తాగునీటిలో టీసీఈకి అమెరికా పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఘనపు మీటరు నీటిలో అయితే అది 5,000 మైక్రోగ్రాములు. టీసీఈకి నీళ్లలో నిలవడం కన్నా ఎగిరిపోవడమే ఇష్టం. ఆ నీటిని ఆనుకున్న మట్టి రంధ్రాల్లో ఘనపు మీటరు గాలికి వెయ్యి మైక్రోగ్రాములకు పైగా చేరగలదు. అందులో వెయ్యో వంతు మాత్రమే గది దాకా వచ్చినా, తరవాతి కాలంలో నివాసాలకు నిర్ణయించిన హద్దుకు దగ్గరగా వస్తుంది. తాగడానికి పనికొచ్చే నీరు కూడా పైనున్న గదిని ఇబ్బంది పెట్టగలదన్నమాట. చట్టాలు మాత్రం నీటి హద్దును తాకగానే పని అయిపోయినట్టు రాసి ఉన్నాయి.

నేల గాలి భవనాల్లోకి వస్తుందని లోకానికి చాటింది సాల్వెంట్లు కావు. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక ఇంజినీరు లోపలికి వెళ్తుంటేనే రేడియేషన్ అలారాలు మోగాయి. కేంద్రం ఇంకా విద్యుదుత్పత్తి మొదలుపెట్టనే లేదు. అతను ఇంటి నుంచి మోసుకొచ్చిన రేడియోధార్మికత అది. ఆ ఇంట్లో రేడాన్ వాయువు, ఈపీఏ తరవాత పెట్టిన హద్దుకు వందల రెట్లు ఉందని తేలింది. అడుగున ఉన్న రాళ్లలోని యురేనియం నుంచి పుట్టి, పునాది పగుళ్లలోంచి వచ్చిన వాయువు అది. మూడు నెలలకు, 1985 మార్చి 24న, లాస్ ఏంజెలెస్‌లో ఫెయిర్‌ఫాక్స్ వీధిలోని రాస్ బట్టల దుకాణం అడుగున చేరిన మీథేన్ పేలి 23 మంది గాయపడ్డారు. దుకాణం ఒక పాత చమురు క్షేత్రం మీద ఉంది. చుట్టుపక్కల కాలిబాట పగుళ్లలోంచి మంటలు లేస్తూనే ఉండటంతో అగ్నిమాపక సిబ్బంది వాటిని మండనిచ్చి, బోర్లు వేసి గ్యాస్‌ను బయటికి వదిలారు. ఆ దెబ్బకు విల్‌షైర్ రోడ్డు కింద తలపెట్టిన మెట్రో సొరంగం రెండు దశాబ్దాలు ఆగిపోయింది.

రేడాన్ పుణ్యమా అని నేల గాలి భవనంలోకి ఎలా వస్తుందో శాస్త్రజ్ఞులు తీరిగ్గా చదివారు. వేడెక్కిన గాలి పైకప్పు సందుల్లోంచి బయటికి పోతుంటే, భవనం అడుగున పీడనం కొద్దిగా తగ్గుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి భవనం, పొగగొట్టంలా, పగుళ్లలోంచి నేల గాలిని లాక్కుంటుంది. ఆ తేడా కొన్ని పాస్కల్‌లు మాత్రమే, వాతావరణ పీడనంలో లక్షకు కొన్ని వంతులు. కానీ పగలూ రాత్రీ ఉంటుంది. నివారణ కూడా అక్కడి నుంచే దొరికింది. గచ్చుకు బెజ్జం పెట్టి, గొట్టం దించి, చిన్న ఫ్యానుతో కింది గాలిని నిరంతరం లాగి కప్పు పైన వదిలేస్తే పీడనం తిరగబడుతుంది. గది గాలి కిందికి పోతుందే తప్ప కిందిది పైకి రాదు. సాల్వెంట్ల ఆవిరికి నేటికీ వాడేది రేడాన్ కాలపు ఆ ఫ్యానునే.

1991లో షెల్ కంపెనీ పరిశోధకులు పాల్ జాన్సన్, రాబీ ఎటింజర్ రేడాన్ లెక్కలను ఆధారం చేసుకుని, మట్టిలోని ఆవిరిలో ఎన్నో వంతు గదికి చేరుతుందో చెప్పే గణిత నమూనా ప్రచురించారు. తర్వాత ఈపీఏ దాన్ని స్ప్రెడ్‌షీట్ రూపంలో అందరికీ ఇచ్చింది. ఇక కన్సల్టెంట్లకు పండగే. బావిలోని నీటి అంకె ఒక గడిలో వేస్తే గదిలోని గాలి అంకె ఇంకో గడిలో వచ్చేది. గది గాలిని కొలవాల్సిన పనే లేదు. మట్టి తడి, గచ్చు పగుళ్ల వెడల్పు, గదిలో గాలి మారే వేగం ఇలాంటివన్నీ ఊహించి వేసేవే. కాస్త అటూ ఇటూ మారిస్తే జవాబు పది రెట్లు, వంద రెట్లు మారిపోయేది. ఆ గణిత నమూనా తన పని తాను చేసిందనే చెప్పాలి. అడగకూడని ప్రశ్నలు దాన్ని అడిగినవాళ్లదే తప్పు.

కొలిచి చూసినచోట లెక్క తేడా బయటపడింది. డెన్వర్‌లో తుపాకుల దుర్భిణులు తయారుచేసిన రెడ్‌ఫీల్డ్ కర్మాగారం చుట్టుపక్కల ఇళ్లలో 1990ల చివర గాలిని నేరుగా పరీక్షిస్తే, గణిత నమూనా వేసిన అంచనాలు చాలాచోట్ల పొసగలేదు. అక్కడ వందల ఇళ్లకు ఫ్యాన్లు బిగించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్ అంటే ఐబీఎం పుట్టిన ఊరు. 1979లో అక్కడ 4,100 గాలన్ల సాల్వెంటు ఒలికింది. అప్పటి నుంచి నీటిని శుద్ధి చేస్తూనే ఉన్నారు. ఇరవై ఏళ్లు దాటాక, 2002–03లో ఇళ్ల గాలిని పరీక్షిస్తే టీసీఈ ఆవిరి కనిపించింది. 400కి పైగా ఇళ్లకూ దుకాణాలకూ గొట్టాలు, ఫ్యాన్లు వచ్చాయి. 2002 నవంబరులో ఈపీఏ ఆవిరి చొరబాటు మీద ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ ముసాయిదా పదమూడేళ్లు ముసాయిదాగానే ఉండిపోయింది. ఖరారు కాకపోవడంతో పనులు కుంటుపడుతున్నాయని ఆ సంస్థ సొంత తనిఖీ విభాగమే 2009లో తప్పుబట్టింది. ఈలోగా న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నాయి.

ఈ కాలంలోనే పరీక్ష పద్ధతి స్థిరపడింది. పని మొదట కాగితాల్లోనే ఉంటుంది. ఆ స్థలంలో పూర్వం ఏ వ్యాపారం జరిగింది, ట్యాంకులు ఎక్కడ పాతారు, పక్కన డ్రై క్లీనింగ్ దుకాణం ఉందా అని పాత మ్యాపులు, అగ్నిమాపక రికార్డులు, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు వెతుకుతారు. తర్వాత భవనమంతా తిరిగి గచ్చు పగుళ్లు, పైపులు దిగే కంతలు, లిఫ్టు గుంట చూస్తారు. అన్నిటికన్నా అడుగున ఉంటుంది కనుక లిఫ్టు గుంట అంటే పరీక్షకులకు ప్రత్యేకమైన అనుమానం.

గచ్చులో బెజ్జం పెట్టడానికి అంగుళం కన్నా సన్నటి డ్రిల్లు చాలు. ముందు కరెంటు తీగలు, నీటి పైపులు ఎక్కడున్నాయో స్కాన్ చేస్తారు. కాంక్రీటు దాటగానే డ్రిల్లు ఒక్కసారి దిగబడుతుంది. బెజ్జంలో ఇత్తడి లేదా స్టీలు ముక్కు బిగించి, దానికి సన్నటి గొట్టం తగిలిస్తారు. గది గాలి ఆ అతుకులోంచి లోపలికి దూరితే నమూనా పలచబడి, లేని శుభ్రం కనిపిస్తుంది. అందుకని ముక్కు మీద బకెట్టులాంటి మూత బోర్లించి అందులోకి హీలియం వదులుతారు. గొట్టం గుండా లాగిన గాలిలో హీలియం కనబడితే అతుకు కారుతున్నట్టే, మళ్లీ బిగించాలి. ఆ తరవాతే అసలు నమూనా. లోపలి గోడలు ఏ రసాయనాన్నీ పట్టుకోకుండా నునుపు చేసిన స్టీలు డబ్బాను ప్రయోగశాలలో ముందే ఖాళీ చేసి పంపుతారు. దాని వాక్యూమ్ సుమారు 30 అంగుళాల పాదరసం. కవాటం తిప్పితే డబ్బా తనంతట తానే గాలి పీలుస్తుంది, పంపు అక్కర్లేదు. గదిలో పెట్టే ఆరు లీటర్ల డబ్బాకు గాలి వేగాన్ని అదుపు చేసే చిన్న పరికరం తగిలిస్తారు. ఇళ్లలో 24 గంటలు, ఆఫీసుల్లో పనిదినానికి సరిపోయేలా 8 నుంచి 10 గంటలు నిండుతుంది. వాక్యూమ్ చూపే ముల్లు 5 అంగుళాల దగ్గర ఉండగానే మూసేయాలి. పూర్తిగా నిండిన డబ్బా ఎప్పుడు నిండిందో చెప్పలేరు కాబట్టి ఆ నమూనా చెల్లదు. ప్రయోగశాలలో టీఓ–15 అనే పద్ధతిలో పదుల కొద్దీ రసాయనాలను ఒకేసారి కొలుస్తారు. ఆరుబయట పెట్టిన ఇంకో డబ్బా ఊరి గాలిలో ఏముందో చెబుతుంది.

అంకె వచ్చాక అసలు తగువు. గదిలో టీసీఈ కనిపించింది సరే, అది నేలలోంచే వచ్చిందా? డ్రై క్లీనింగ్ చేయించిన కోటు నుంచీ, జిగురు డబ్బా నుంచీ, తుపాకీ తుడిచే ద్రవం నుంచీ ఇలాంటి ఆవిర్లు వస్తాయి. ఉటా రాష్ట్రంలో హిల్ వైమానిక స్థావరం చుట్టూ ఇళ్లలో డైక్లోరోఈథేన్ కనబడితే దాని పుట్టుక కోసం చాలా శ్రమపడ్డారు. క్రిస్మస్‌కి అలంకరించే అచ్చు ప్లాస్టిక్ బొమ్మల్లోంచి అది వస్తోందని 2010లో పరిశోధకులు ప్రచురించారు. అప్పటి నుంచి పరీక్షకు ముందు ఇల్లంతా వెతికి అనుమానం ఉన్న సామాన్లు బయట పెట్టించడం ఆనవాయితీ అయింది.

ఆఫీసు భవనం ఇల్లులాంటిది కాదు. పెద్ద ఏసీ యంత్రాలు బయటి గాలిని లోపలికి నెట్టి, లోపలి పీడనాన్ని కాస్త ఎక్కువగా ఉంచుతాయి. యంత్రం నడుస్తున్నంతసేపూ గచ్చు కింది గాలి పైకి రావడం కష్టం. రాత్రి, వారాంతంలో కరెంటు ఖర్చు కోసం కట్టేస్తే కథ మారుతుంది. సోమవారం పొద్దున్నే తలుపు తీసేవాడికి వారాంతమంతా చేరిన గాలి ఎదురవుతుంది. అందుకే కాలిఫోర్నియా ప్రాంతపు ఈపీఏ కార్యాలయం, కనీసం 36 గంటలు ఏసీ ఆపి ఉంచి, ఆపిన స్థితిలోనే ఒకసారి నమూనా తీయాలని పట్టుబట్టింది. ఏసీ నడుస్తున్నప్పుడు మాత్రమే తీసిన నమూనా ఏసీ పనితనం చెబుతుందే గాని గచ్చు సంగతి చెప్పదు.

ఎమ్ఈడబ్ల్యూ చరిత్ర దీన్నే రుజువు చేసింది. చిప్పుల కర్మాగారాలు కూలిన స్థలాల్లో 1990ల నుంచి ఆఫీసులు లేచాయి. నెట్‌స్కేప్ అక్కడే పెరిగింది, తర్వాత సిమాంటెక్, గూగుల్ వచ్చాయి. అప్పటికి ఆ లోయలో హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. 2003 నుంచి అక్కడ గది గాలిని పరీక్షించడం మొదలైంది. 2010 ఆగస్టులో ఈపీఏ 1989 నాటి ప్రణాళికను సవరించి ఆవిరికి విడిగా హద్దులు పెట్టింది. టీసీఈ ఘనపు మీటరు గాలికి ఇళ్లలో 1, ఆఫీసుల్లో 5 మైక్రోగ్రాములు మించరాదు. మూడేళ్లు తిరక్కుండానే, 2012 నవంబరు – 2013 జనవరి మధ్య, విస్మన్ రోడ్డులో గూగుల్ వాడుతున్న రెండు భవనాల్లో ఆ 5 దాటింది. గాలి యంత్రాలను మార్చే పనులు జరుగుతుండగా పీడనం తప్పింది. రసాయనం పాతదే, ప్రవాహం పాతదే, భవనం కూడా అంతకు ముందు పరీక్ష గట్టెక్కినదే. మారింది గాలి యంత్రం ఒక్కటే. సరిచేశాక అంకెలు దిగివచ్చాయి. పత్రికల్లోకి వచ్చిన ఈ సంగతితో ఒకసారి పరీక్షలో గట్టెక్కిన భవనం ఎల్లకాలం గట్టెక్కినట్టేననే ధీమా పోయింది.

ఈలోగా టీసీఈ మీద శాస్త్రం ఇంకా కఠినమైంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2011 సెప్టెంబరులో ఈపీఏ తేల్చి చెప్పింది. గర్భస్థ శిశువు గుండె రూపుదిద్దుకునే మొదటి వారాల్లో కొద్దికాలం పీల్చినా లోపాలు రావచ్చన్న ఆందోళన కూడా అందులో ఉంది. దీంతో పరీక్షకు తొందర వచ్చింది. క్యాన్సర్ ముప్పును ఇరవై ముప్పై ఏళ్ల సగటుతో లెక్కిస్తారు, ఫలితం రెండు నెలలు ఆలస్యమైనా కొంప మునగదు. వారాల్లో జరిగే నష్టానికి అంత తీరిక ఉండదు. 2014లో కాలిఫోర్నియా కార్యాలయం, ఆఫీసు గాలిలో 8 గంటల సగటు 8 మైక్రోగ్రాములు దాటితే వెంటనే చర్య మొదలుపెట్టాలని ఆదేశించింది.

ఒక్కరోజు నమూనాను ఎంతవరకు నమ్మవచ్చన్న ప్రశ్న మిగిలింది. దీనికోసం అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హిల్ స్థావరం దగ్గర సాల్వెంట్ ప్రవాహం పైనున్న ఒక ఇంటిని కొనేసి, ఏళ్ల తరబడి గాలిని ఆగకుండా కొలిచారు. వాళ్లలో జాన్సన్ కూడా ఉన్నాడు, 1991 నాటి గణిత నమూనా రాసిన అదే జాన్సన్. చలికాలంలో ఎక్కువ, వేసవిలో దాదాపు సున్నా, ఒక్కోసారి రోజుల తేడాలోనే వందల రెట్ల మార్పు. ఇంకా విచిత్రం, ఆవిరిలో ఎక్కువ భాగం మట్టిలోంచి పగుళ్ల దారిన రావడం లేదు. నేలలోని నీటిని తీసుకుపోవడానికి ఇంటి పునాది కింద కలిసే ఒక పైపు దాన్ని తెచ్చి పోస్తోంది. ఆ పైపుకు కవాటం పెట్టి మూయగానే తగ్గిపోయింది. దాదాపు ఆ రోజుల్లోనే డెన్మార్క్‌లోనూ బోస్టన్ దగ్గరా ఇళ్లలోకి మురుగు పైపుల దారిన డ్రై క్లీనింగ్ ఆవిరి వచ్చిన ఉదాహరణలు బయటపడ్డాయి. గచ్చుకు ఎన్ని బెజ్జాలు పెట్టినా దొరకని ఆవిరి అది. తర్వాత పరీక్షకులు మరుగుదొడ్డి పైపుల్లోనూ గొట్టం దించి చూడటం నేర్చుకున్నారు. పెట్రోలు విషయంలో మాత్రం నేల దయగా ఉంటుంది. ఆక్సిజన్ అందితే మట్టిలోని సూక్ష్మజీవులు కొన్ని అడుగుల్లోనే దాని ఆవిరిని తినేస్తాయి. అందుకే 2015 జూన్‌లో మార్గదర్శకాలు చివరికి ఖరారైనప్పుడు పెట్రోలు బంకులకు విడి పుస్తకం వచ్చింది.

ఈ పరీక్షను ఊరూరా తిప్పింది ప్రభుత్వం కన్నా బ్యాంకులు. సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం, నేలను పాడుచేసింది పూర్వపు యజమానే అయినా శుద్ధి ఖర్చు ఇప్పటి యజమాని మెడకు చుట్టుకోవచ్చు. కొనేముందు తగినంత విచారించాడని చూపితే మినహాయింపు. అప్పిచ్చే బ్యాంకు ఆ విచారణ నివేదిక లేనిదే సంతకం పెట్టదు. 2008లో ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ ఆవిరి కోసం విడిగా ఒక ప్రమాణం తెచ్చింది, 2013లో స్థల విచారణ ప్రధాన ప్రమాణంలోనే ఆవిరి చేరింది. అప్పటి నుంచి మూలమలుపులో డ్రై క్లీనింగ్ దుకాణం ఉన్న ప్రతి షాపింగ్ వరుస అమ్మకానికి రాగానే డ్రిల్లు చప్పుడు మొదలవుతుంది. 2017 జనవరిలో ఇంకో మార్పు వచ్చింది. నీరు, మట్టి ప్రమాణాల ప్రకారం గట్టెక్కిన స్థలం కూడా ఆవిరి చొరబాటు ఒక్కదాని ఆధారంగా సూపర్‌ఫండ్ జాబితాకెక్కేలా నిబంధన మార్చారు.

భారతదేశంలో ఈ చరిత్ర మొదటి పేజీల్లోనే ఉంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యంత కలుషితమైనవిగా ప్రకటించిన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. గాలికీ నీటికీ నేలకూ విడివిడిగా మార్కులు వేసి ఆ జాబితా కట్టారు. ఒకదాని నుంచి ఇంకోదానికి ఎగిరే ఆవిరికి విడిగా గడి లేదు. కలుషిత స్థలాల నిర్వహణకు 2025లో కేంద్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది. ఫ్యాక్టరీలు ఊరి బయటికి తరలి, ఖాళీ అయిన స్థలాల్లో అపార్టుమెంట్లు, ఆఫీసులు లేస్తున్న హైదరాబాద్ శివార్లకు ఇవి ఎక్కువగా అవసరపడతాయి.

అమెరికాలో 2024 డిసెంబరులో ఈపీఏ టీసీఈ వాడకాలన్నిటినీ దశలవారీగా నిషేధిస్తూ నియమం ప్రకటించింది. వెంటనే దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి. నేలలో ఇప్పటికే ఉన్నదానితో ఆ నిషేధానికి సంబంధం లేదు. మౌంటెన్ వ్యూలో ఆ మూడు రోడ్ల మధ్య కొత్తగా కట్టే భవనానికి గచ్చు పోసే ముందే కింద కంకర పరుపు, గాలి పోయే గొట్టాలు, ఆవిరి దాటలేని మందపాటి పొర పరవాలి. నగరపాలక సంస్థ అనుమతి ఇచ్చే ముందు ఆ నక్షా ఈపీఏ పరిశీలనకు వెళ్తుంది. పాత భవనాల్లో గాలి యంత్రాలు నడవాల్సిన గంటలు, మళ్లీ డబ్బాలు పెట్టి కొలవాల్సిన గడువులు భవనం భవనానికీ విడిగా రాసి ఉంటాయి.